ఆఫ్టర్‌మార్కెట్ ఇన్‌టేక్ ఉన్న కారుకు కొత్త ఎయిర్ ఫిల్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీ ఎయిర్ బాక్స్ తీసేసి, బయట దొరికే ఇన్‌టేక్ కిట్, అంటే ఇంజిన్‌కు గాలి తెచ్చే పైపు, దాని చివర కోన్ ఫిల్టర్ పెట్టించుకున్న కార్లు మన రోడ్ల మీద చాలానే ఉన్నాయి. పెట్టించిన రోజు ఉండే ఉత్సాహం, రెండు మూడేళ్ళకు ఆ ఫిల్టర్ మార్చాల్సి వచ్చేసరికి టెన్షన్‌గా మారుతుంది. కిట్ కంపెనీ ఏదో గుర్తుండదు, డబ్బా ఎప్పుడో పారేసి ఉంటారు, షాపువాడు అడిగే కొలత తెలియదు. మళ్ళీ మళ్ళీ వస్తున్న ఆ సందేహాలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫిల్టర్ ఉన్నది ఇంజిన్‌లోకి దుమ్ము పోకుండా ఆపడానికి. శబ్దం, పికప్, బానెట్ ఎత్తితే కనిపించే అందం ఆ తర్వాతే. కింది జవాబులన్నీ ఆ లెక్క ప్రకారమే ఉంటాయి.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పాత ఓనరు ఏదో ఇన్‌టేక్ పెట్టించాడు, కంపెనీ పేరు చెరిగిపోయింది. అదే కంపెనీ ఫిల్టర్ వెతకాలా?

అవసరం లేదు. ఇలాంటి కిట్లలో ఫిల్టర్ ఒక రబ్బరు మెడతో పైపు మీదికి ఎక్కి, క్లాంప్‌తో బిగుసుకుంటుంది. మెడ సైజు, పొడవు, లావు సరిపోతే ఏ కంపెనీదైనా పడుతుంది. పేరు కోసం వెతికే సమయంలో పైపు కొలతలు సరిగ్గా తీసుకోండి. ఫిల్టర్ ఒక మూసిన డబ్బాలో కూర్చునే రకం కిట్ అయితే మాత్రం ఆ డబ్బాకు తగ్గ ఆకారమే కావాలి. అప్పుడు పాత ఫిల్టర్ అడుగున రబ్బరు మీద అచ్చువేసిన పార్ట్ నంబర్ ఏమైనా మిగిలి ఉందేమో చూడండి. మట్టి తుడిస్తే చాలాసార్లు కనిపిస్తుంది.

ఉన్న ఫిల్టర్ కడిగి వాడుకోవచ్చా, కొత్తది కొనాల్సిందేనా?

ఫిల్టర్ తీసి, చీకటి గదిలో లోపల సెల్‌ఫోన్ టార్చ్ పెట్టి బయటి నుంచి చూడండి. వెలుగు మసకగా, అంతటా ఒకేలా వస్తే పర్వాలేదు. ఎక్కడైనా సూదిమొనంత చుక్కలా మెరిసిందంటే అక్కడ చిల్లు పడింది, కడిగి లాభం లేదు. మెడ రబ్బరు గట్టిపడి పగుళ్ళు వచ్చినా, మడతలు రబ్బరు అంచు నుంచి ఊడుతున్నా, జాలీ తుప్పు పట్టి తెగినా కొత్తది కొనండి. ఇవేవీ లేకుండా ఉత్త మట్టి మాత్రమే ఉంటే, అది కడిగి వాడే రకమైతే, కడిగితే చాలు.

కొత్త ఫిల్టర్ వేస్తే పికప్ ఎంత పెరుగుతుంది? మైలేజీ సంగతి?

పాతది బాగా మూసుకుపోయి ఉంటే, కోల్పోయిన పికప్ తిరిగి వస్తుంది. పాతది బాగానే ఉంటే మీకు తెలిసేంత తేడా రాదు. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) లేని చిన్న పెట్రోల్ ఇంజిన్‌లో ఒక మంచి ఫిల్టర్‌కూ ఇంకో మంచి ఫిల్టర్‌కూ మధ్య తేడా సీట్లో కూర్చుని పట్టుకోలేం. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

మైలేజీ విషయంలో కూడా ఆశ పెట్టుకోవద్దు. ఇప్పటి ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో వచ్చిన గాలిని బట్టి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ కొలిచి వదులుతుంది. ఫిల్టర్ కాస్త తేలిగ్గా గాలి వదిలినంత మాత్రాన పెట్రోల్ ఆదా కాదు.

మళ్ళీ కంపెనీ బాక్సే పెట్టించేసుకుంటే?

నిక్షేపంలా పెట్టించుకోండి. పాత బాక్స్ దాచి ఉంటే, లేదా స్క్రాప్ షాపుల్లో మీ మోడల్‌ది దొరికితే, రోజూ దుమ్ములో తిరిగే కారుకు అదే మంచి నిర్ణయం. మంచి పేపర్ ఫిల్టర్ దుమ్ము పట్టడంలో సాధారణంగా ఆయిల్ కాటన్ (నూలు గుడ్డకు ఆయిల్ పట్టించిన) ఫిల్టర్ కంటే ముందుంటుంది. పైగా బాక్స్ చల్లగాలిని బయటి నుంచి తెస్తుంది, వాన నీటి నుంచి కాపాడుతుంది. ఇన్‌టేక్ మీద మోజు ఉంటే ఉంచుకోండి, కానీ తీసేయడం ఓటమి అనుకోవద్దు.

ఇలాంటి ఇన్‌టేక్‌కు చలానా వేస్తారా?

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అదే ఇన్‌టేక్‌కు పాత ఫిల్టర్ తీసి కొత్తది వేయడం వల్ల కొత్తగా వచ్చే చిక్కేమీ లేదు. కానీ ఆ ఇన్‌టేక్ మీదే ప్రశ్న రావచ్చు. వారంటీలో ఉన్న కారుకైతే సర్వీస్ సెంటర్ వాళ్ళు ఇంజిన్ క్లెయిమ్ దగ్గర ఇదే పట్టుకుంటారు.

## కొలతలు తీసుకునేటప్పుడు

"3 ఇంచుల ఫిల్టర్" అంటారు. ఎక్కడ 3 ఇంచులు?

ఫిల్టర్ మెడ లోపలి వ్యాసం. అది మీ ఇన్‌టేక్ పైపు బయటి వ్యాసానికి సమానంగా ఉండాలి. ఎక్కువ గందరగోళం ఇక్కడే జరుగుతుంది. పైపు లోపలి వ్యాసం కొలిచి ఆర్డర్ పెడితే, గోడ మందం తేడా వల్ల ఫిల్టర్ ఎక్కదు.

షాపుల్లో మామూలుగా దొరికేవి 63.5, 70, 76, 89, 102 మిల్లీమీటర్లు, అంటే 2.5, 2.75, 3, 3.5, 4 ఇంచులు. వీటితో పాటు ఇంకో నాలుగు కొలతలు రాసుకోండి: మెడ పొడవు, ఫిల్టర్ అడుగు భాగం లావు, పైభాగం లావు, మొత్తం ఎత్తు. మెడ నిటారుగా ఉందా, ఒక పక్కకు వాలిందా అన్నది కూడా చూడండి. చోటు తక్కువ ఉన్న కార్లలో 10, 15 డిగ్రీలు వాలిన మెడ, లేదా గుండ్రంగా కాక ఓవల్‌గా ఉన్న అడుగు వాడి ఉంటారు. వాటి బదులు నిటారు మెడ, గుండ్రటి అడుగు కొంటే పక్కన బ్యాటరీకో ఫెండర్‌కో ఆనుకుంటుంది.

నా దగ్గర వ్యాసం కొలిచే వెర్నియర్ లేదు. టేపుతో పని అవుతుందా?

అవుతుంది. టైలర్ టేపును ఫిల్టర్ ఎక్కే చోట పైపు చుట్టూ తిప్పి, చుట్టుకొలతను 3.14తో భాగించండి. సుమారు 200 మి.మీ. వస్తే 63.5 పైపు, 220 వస్తే 70, 239 వస్తే 76, 280 వస్తే 89. చుట్టుకొలతలో 3 మి.మీ. పొరపాటు జరిగినా వ్యాసంలో 1 మి.మీ. మాత్రమే తేడా వస్తుంది కాబట్టి, స్కేలు అడ్డంగా పెట్టి చూడటం కంటే ఇదే నమ్మకం. పైపు చివర చిన్న గట్టులాంటి అంచు ఉంటుంది, దాని మీద కాకుండా దాని వెనక కొలవండి.

నా పైపు 70. షాపులో 76 మాత్రమే ఉంది. క్లాంప్ గట్టిగా బిగిస్తే సరిపోదా?

సరిపోదు. మెడ రబ్బరు 1 మి.మీ. తేడాను సర్దుకుంటుంది. 6 మి.మీ. వదులుగా ఉన్న మెడను క్లాంప్‌తో నొక్కితే రబ్బరు ఒకచోట మడత పడుతుంది, ఆ మడత కింద సన్నని సొరంగం మిగులుతుంది. గాలి ఫిల్టర్ గుండా కష్టపడి వెళ్ళడం కంటే ఆ సందులోంచి సులువుగా దూరుతుంది, దుమ్ముతో సహా. టేపు చుట్టి లావు చేయడం అంతకంటే ప్రమాదం. వేడికి జిగురు కరిగి, టేపు ముక్క ఊడి లోపలికి పోవచ్చు. కొన్ని ఫిల్టర్లతో పాటు సైజు తగ్గించే రబ్బరు రింగులు ఇస్తారు. ఆ ఫిల్టర్ కోసమే చేసినవైతే, రింగు పూర్తిగా గుండ్రంగా కూర్చుంటే, వాడవచ్చు. లేకపోతే సరైన సైజు వచ్చేదాకా ఆగండి.

పెద్ద ఫిల్టర్ మంచిదా, చిన్నది మంచిదా?

చోటు పట్టినంతలో పెద్దది. మెడ సైజు పైపును బట్టి ఖాయమైపోయింది, మీ చేతిలో ఉన్నది ఎత్తు, లావు. అదే లావులో ఎత్తు 100 నుంచి 150 మి.మీ.కి పెరిగితే వడకట్టే ఉపరితలం దాదాపు సగం పెరుగుతుంది. గాలి అంత ఎక్కువ చోటు మీద పరుచుకుని నెమ్మదిగా దాటుతుంది, దుమ్ము పట్టడానికీ చోటు ఎక్కువ, తొందరగా మూసుకుపోదు.

చుట్టూ కనీసం 25 మి.మీ. ఖాళీ వదలండి. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది, దానితో పాటు పైపూ ఫిల్టరూ ఊగుతాయి. నిలబడి ఉన్న కారులో తగలనిది గేరు మార్చినప్పుడు రాసుకుంటుంది. రాసుకున్న చోట జాలీ అరిగి చిల్లు పడుతుంది.

బానెట్ మూసాక తగులుతుందో లేదో ఎలా చూడాలి?

చపాతీ పిండి ముద్దను పాలిథిన్ కవర్లో చుట్టి ఫిల్టర్ పైన పెట్టండి. బానెట్ మెల్లగా మూసి, మళ్ళీ తెరవండి. ముద్ద ఎంత మందానికి నొక్కుకుపోయిందో అదే మీకున్న ఖాళీ. పిండి తీయడం మర్చిపోవద్దు.

ఈ ఫిల్టర్ నా ఇంజిన్‌కు సరిపడా గాలి వదులుతుందా?

లెక్క సులువే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సామర్థ్యమంత గాలి పీల్చుకుంటుంది. 1.2 లీటర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి గరిష్ఠంగా 3,600 లీటర్లు, అంటే సెకనుకు 60 లీటర్లు. నిజానికి సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి అంతకంటే కొంత తక్కువే. టర్బో ఉంటే 1 బార్ బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) దగ్గర ఇది ఇంచుమించు రెట్టింపు. నిమిషానికి 28 లీటర్లను, అంటే ఒక ఘనపు అడుగును, ఒక సీఎఫ్ఎమ్‌గా లెక్కేసి, ఫిల్టర్ కంపెనీ చెప్పిన సీఎఫ్ఎమ్‌తో పోల్చుకోండి. మామూలు సైజు కోన్ ఫిల్టర్ ఏదైనా చిన్న పెట్రోల్ ఇంజిన్‌కు కావలసిన 110, 130 సీఎఫ్ఎమ్‌ను ఇబ్బంది లేకుండా ఇస్తుంది. అందుకే "ఎక్కువ ఫ్లో" అన్న మాటకు అదనంగా డబ్బు పెట్టడం మామూలు కారుకు వృథా అంటాను.

## ఏ రకం అని తేల్చుకునేటప్పుడు

ఆయిల్ రకం తీసుకోనా, డ్రై రకం తీసుకోనా?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే.

ఆయిల్ రకంలో నూలు గుడ్డ పొరలను అల్యూమినియం జాలీ మధ్య మడతలుగా పెట్టి, ప్రత్యేకమైన ఆయిల్‌తో తడుపుతారు. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కె అండ్ ఎన్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ఎర్ర ఫిల్టర్ ఇదే. ఇటలీ బీఎంసీ కూడా ఈ రకమే. నూలు పోగుల మధ్య సందులు పెద్దవి. సన్నటి దుమ్మును పట్టేది చాలావరకు ఆ పోగులకు అంటిన ఆయిలే. ఆయిల్ ఉన్నంతసేపు బాగా పని చేస్తుంది. ఆరిపోతే, లేదా కడిగాక ఆయిల్ వేయకపోతే, సన్నటి దుమ్ము నేరుగా దాటిపోతుంది.

డ్రై రకంలో సింథటిక్ పోగులు దగ్గరగా అల్లుకుని ఉంటాయి. ఆయిల్ అక్కర్లేదు. ఏఈఎమ్ డ్రైఫ్లో లాంటివి ఈ కోవకు చెందినవి. నీళ్ళు, తగిన క్లీనరుతో కడిగి ఆరబెడితే చాలు. మూసుకుపోవడం కాస్త ముందే మొదలవుతుంది కాబట్టి తరచుగా చూసుకోవాలి.

మన దగ్గర రోజువారీ కారుకు నేను డ్రై రకమే చెబుతాను. ఆయిల్ కిట్ అన్ని ఊళ్ళలో దొరకదు. దొరకనప్పుడు షెడ్డులో ఇంజిన్ ఆయిలో, కుట్టుమిషన్ ఆయిలో పూసి పంపేస్తారు. అవి పోగులకు అంటుకుని ఉండవు, కారిపోయి లోపలికి పోతాయి. కిట్ తెప్పించుకుని, ఓపికగా సరిగ్గా ఆయిల్ పట్టించేవాళ్ళకు ఆయిల్ రకం కూడా ఏళ్ళ తరబడి వస్తుంది. డ్రై ఫిల్టర్‌కు మాత్రం ఎప్పుడూ ఆయిల్ పూయకండి, అది గాలిదారినే మూసేస్తుంది.

ఫోమ్ ఫిల్టర్లు ఎలా ఉంటాయి?

ఫోమ్ లోతంతా దుమ్ము పడుతుంది కాబట్టి మట్టి రోడ్ల ర్యాలీల్లో వాడతారు. పైపర్‌క్రాస్, రామ్‌ఎయిర్ లాంటి బ్రిటన్ కంపెనీలవి పేరున్నవి. చిక్కు వయసుతో వస్తుంది. ఇంజిన్ వేడికి కొన్నేళ్ళలో ఫోమ్ పొడిపొడిగా రాలడం మొదలవుతుంది, రాలిన ముక్కలు లోపలికే వెళ్తాయి. వేలితో నొక్కితే వెంటనే పైకి లేవాలి. గుంట అలాగే ఉండిపోయినా, పొడి రాలినా మార్చేయండి.

స్టీల్ జాలీ ఫిల్టర్ చూడ్డానికి బాగుంది. ఎన్నిసార్లైనా కడగొచ్చట కదా?

రోజూ రోడ్డెక్కే కారుకు వద్దు. మెష్ రంధ్రాలు సన్నటి దుమ్మును ఆపలేవు. ఇంజిన్‌ను ఎక్కువగా అరగదీసేది కంటికి కనిపించని, 10 మైక్రాన్ల చుట్టుపక్కల ఉండే దుమ్మే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే అదెంత సన్ననో ఊహించుకోండి.

ప్యాకెట్ మీద "99% ఫిల్ట్రేషన్" అని ఉంది. నమ్మొచ్చా?

ఏ పరీక్షలో, ఏ దుమ్ముతో అని రాశారో చూడండి. ఎయిర్ ఫిల్టర్లకు అంతర్జాతీయంగా వాడే పరీక్ష ఐఎస్ఓ 5011. అరిజోనా ఎడారి ఇసుక నుంచి తయారుచేసిన ప్రామాణిక దుమ్మును లెక్క ప్రకారం ఫిల్టర్ మీదికి వదిలి, ఎంత ఆగిందో, ఎంత దాటిందో తూస్తారు. దుమ్ములో సన్నది, ముతకది అని రకాలున్నాయి. ముతక దుమ్ముతో పరీక్షిస్తే శాతం ఎక్కువ వస్తుంది. పరీక్ష పేరు, దుమ్ము రకం రెండూ రాసిన కంపెనీని నేను ఎక్కువ నమ్ముతాను.

ఇంకో సంగతి. 97కీ 99కీ తేడా రెండే కదా అనిపిస్తుంది. కానీ 100 గ్రాముల దుమ్ములో ఒకటి 3 గ్రాములు లోపలికి వదిలితే, ఇంకొకటి 1 గ్రామే వదులుతుంది. ఇంజిన్ తినే మట్టి మూడు రెట్లు తేడా.

మా ఊరి చుట్టూ క్వారీలే. ఏ ఫిల్టర్ వేయాలి?

దుమ్ము ఏ రాయిదో కూడా చూడాలి. కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ గట్టిదనం కొలతలో అది 7, సిలిండర్ గోడల ఇనుము కంటే గట్టిది. పిస్టన్ రింగుకూ గోడకూ మధ్య అది చేరితే ఉప్పు కాగితం రుద్దినట్టే. రామగుండం లాంటి చోట్ల థర్మల్ స్టేషన్ బూడిదలోనూ సిలికా ఉంటుంది, పైగా చాలా సన్నన. తాండూరు, బేతంచర్ల వైపు నాపరాయి దుమ్ము మెత్తనిది, గట్టిదనం 3 దగ్గర ఉంటుంది. అరగదీయడం తక్కువే కానీ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది.

ఈ ఊళ్ళలో రోజూ తిరిగే కారుకు మూసిన బాక్స్, పేపర్ ఫిల్టరే సరైనది. ఇన్‌టేక్ ఉంచి తీరాలంటే, చోటు పట్టినంత పెద్ద డ్రై ఫిల్టర్ వేసి, దాని మీద గుడ్డ తొడుగులాంటి ప్రీ-ఫిల్టర్ వేయండి. తొడుగును వారం వారం దులపండి.

ఆయిల్ ఫిల్టర్ వేస్తే సెన్సర్ పాడవుతుందట. నిజమేనా?

ఫిల్టర్‌కు ఆయిల్ ఎక్కువైతే నిజమే. కొన్ని కార్లలో గాలి ఎంత వస్తోందో కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ పైపులోనే ఉంటుంది. అందులో వేడిగా ఉండే సన్నటి తీగో పొరో ఉంటుంది. దాని మీద ఆయిల్ తుంపర పడి, ఆయిల్‌కు దుమ్ము అంటుకుంటే గాలి లెక్క తప్పుతుంది. కంపెనీ ఆయిల్ పట్టించి పంపిన కొత్త ఫిల్టర్‌తో ఇది అరుదు. ఇంట్లో కడిగి ఆయిల్ కుమ్మరించినప్పుడే వస్తుంది.

మీ కారుకు ఆ సెన్సర్ ఉందో లేదో ముందు చూసుకోండి. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి అది ఉండదు, మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో, ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. వాటికి ఈ భయం లేదు. కామన్ రైల్ డీజిల్ కార్లలో మాత్రం ఎక్కువగా ఉంటుంది. ఉన్న కారుకు డ్రై ఫిల్టర్ వేస్తే గొడవే లేదు.

టర్బో కారుకు వేరే జాగ్రత్త ఏమైనా ఉందా?

ఉంది. ఫిల్టర్ దాటిన మట్టి మొదట తగిలేది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే కంప్రెసర్ రెక్కలకు. చిన్న రాయి ముక్క కూడా రెక్క అంచును కొరికేస్తుంది. వదులైన క్లాంప్, ఊడిన జాలీ తీగ మామూలు కారులో ఎలాగోలా గడిచిపోవచ్చు, టర్బోలో గడవదు. పీల్పు బలంగా ఉంటుంది కాబట్టి లోపల జాలీ ఆసరా లేని పలుచటి ఫిల్టర్ కొనకండి, అది లోపలికి నలిగిపోతుంది.

ఆన్‌లైన్‌లో పేరున్న బ్రాండే సగం ధరకు కనిపించింది...

డూప్లికేట్లు విపరీతంగా ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూడగలిగితే మడతలు లెక్కపెట్టండి. నకిలీలో మడతలు తక్కువగా, దూరదూరంగా, వంకరగా ఉంటాయి. మెడ రబ్బరుకు ఘాటు వాసన వస్తుంది. మడతల అంచు రబ్బరులో పూర్తిగా మునగకుండా జిగురు చుక్కలతో అతికించి ఉంటుంది. పేరు లేని చవక ఫిల్టరైనా కొలత, అంచు గట్టిదనం బాగుంటే ఫర్వాలేదు. పేరు దొంగిలించినవాడు లోపల గుడ్డ విషయంలో నిజాయితీగా ఉంటాడని మాత్రం నేను అనుకోను. అధికారిక డీలర్ బిల్లు ఇస్తేనే పెద్ద బ్రాండుకు డబ్బు పెట్టండి.

## బిగించేటప్పుడు

నేనే బిగించుకోవచ్చా?

తప్పకుండా. కావలసింది ఒక స్క్రూ డ్రైవర్ లేదా 8 ఎంఎం సాకెట్, పొడి గుడ్డ. ఇంజిన్ చల్లారాక పాత ఫిల్టర్ తీయండి. తీసే ముందే దాని మీది వదులు మట్టిని తుడవండి, లేకపోతే లాగినప్పుడు పైపులోకే రాలుతుంది. పైపు చివర లోపల, బయట శుభ్రంగా తుడవండి. గ్రీజు, సీలెంట్ పూయవద్దు. కొత్త ఫిల్టర్ మెడను లోపలి ఆపు దాకా తోయండి. అది పైపు మీద కనీసం 25 మి.మీ. ఎక్కి ఉండాలి. క్లాంప్‌ను పైపు అంచు గట్టుకు వెనక పక్క ఉంచి బిగించండి. ఫిల్టర్‌ను పట్టుకుని తిప్పితే తిరగకూడదు, అంతవరకు చాలు. ప్లాస్టిక్ పైపైతే ఇంకా బిగిస్తే పైపే నొక్కుకుపోతుంది. ఇంజిన్ వేడికి రబ్బరు సర్దుకుంటుంది కాబట్టి కొద్ది రోజుల తర్వాత ఒకసారి మళ్ళీ బిగించండి.

పాత ఫిల్టర్‌కు పక్కన సన్న పైపు తగిలించి ఉంది. కొత్తదానికి ఆ రంధ్రం లేదు. వదిలేయొచ్చా?

వదిలేయకూడదు. అది ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు. ఊరికే వేలాడదీస్తే ఆయిల్ ఆవిరి ఇంజిన్ మీద పడుతుంది, కొన్ని ఇంజిన్లలో అదే దారిన ఫిల్టర్ చేయని గాలి లోపలికి పోతుంది. మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళ దగ్గర ఆయిల్ కారుతుంది. బ్రీదర్ రంధ్రం ఉన్న ఫిల్టరే కొనండి, లేదా ఇన్‌టేక్ పైపుకే నిపుల్ పెట్టించండి. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కారైతే ఆ నిపుల్ సెన్సర్ దాటాక, ఇంజిన్ వైపు ఉండాలి.

ఫిల్టర్ ఇంజిన్ పక్కనే ఉంది. వేడి గాలి పీలిస్తే నష్టమా?

నష్టమే. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 1 శాతం తగ్గుతుంది. మే నెలలో బయటే 43 డిగ్రీలుంటే, ట్రాఫిక్‌లో బానెట్ కింద ఇంకో 30 డిగ్రీలు ఎక్కువ ఉండటం వింతేమీ కాదు. అంటే 10 శాతం దాకా గాలి తగ్గినట్టు. కారు కంప్యూటర్ రీడింగులు ఫోన్‌లో చూపే చవక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి ఇన్‌టేక్ ఉష్ణోగ్రత చూడండి. కదులుతున్నప్పుడు బయటి కంటే 10 డిగ్రీల లోపు ఎక్కువుంటే బాగున్నట్టే. అంతకు మించితే ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ మధ్య అల్యూమినియం రేకు గోడ కట్టించి, గ్రిల్ నుంచి గాలి గొట్టం పెట్టించండి. ఖరీదైన ఫిల్టర్ కంటే ఈ రేకు ముక్క ఎక్కువ మేలు చేస్తుంది.

ఫిల్టర్ మార్చగానే చెక్ ఇంజిన్ లైట్ వచ్చింది!

కంగారు పడకండి. స్కానర్‌లో కోడ్ చూడండి. పీ0113 అయితే గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ప్లగ్ పెట్టడం మర్చిపోయి ఉంటారు. పీ0101, పీ0102 అయితే ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికైంది, లేదా దాని ప్లగ్ వదులుగా ఉంది. పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. క్లాంపులు, పైపు జాయింట్లు, బ్రీదర్ పైపు ఒక్కొక్కటిగా తడిమి చూడండి. సెన్సర్‌ను ఆ పనికే అమ్మే స్ప్రేతో మాత్రమే శుభ్రం చేయాలి, గుడ్డతో తుడవకూడదు.

## వాడుతున్నప్పుడు

వానాకాలంలో ఈ ఫిల్టర్‌తో బండి తీయొచ్చా?

వాన చినుకులకు భయం లేదు. భయమంతా నిలిచిన నీటికే. ఫిల్టర్ బంపర్ వెనకో, ఫెండర్ కిందో ఉంటే, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళకే అది మునుగుతుంది. మునిగిన ఫిల్టర్ నీటిని ఆపదు, ఇంజిన్ దాన్ని పీల్చేస్తుంది. గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీళ్ళ పాలయ్యాయో మనం చూశాం.

కింద ఫిల్టర్ ఉన్న కారైతే వానాకాలం నాలుగు నెలలు పొట్టి పైపు పెట్టి ఫిల్టర్‌ను పైకి తెచ్చుకోండి. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే దయచేసి మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. తోయించి బయటికి తెచ్చి, మెకానిక్‌తో ప్లగ్గులు విప్పించి నీరు తీయించాకే స్టార్ట్ చేయాలి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉందో లేదో, బయటి ఇన్‌టేక్ ఉన్నట్టు వాళ్ళకు తెలుసో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఎన్ని కిలోమీటర్లకు కడగాలి?

ప్యాకెట్ మీది పెద్ద పెద్ద అంకెలు శుభ్రమైన హైవేలను దృష్టిలో పెట్టుకుని వేసినవి. వాటిని పక్కన పెట్టి, ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ, మట్టి రోడ్లలో తిరిగితే నెలకోసారి, తీసి చూడండి. ఆయిల్ కాటన్ ఫిల్టర్‌కు ఒక మంచి గుర్తుంది. పైన ఉన్న జాలీ తీగలు అంతటా కనిపిస్తున్నంతవరకు అది ఎంత నల్లగా ఉన్నా కడగక్కర్లేదు. తీగలు మట్టిలో మునిగిపోతే సమయం వచ్చినట్టే. అతిగా కడగడం కూడా తప్పే, కడిగిన ప్రతిసారీ గుడ్డ కాస్త బలహీనపడుతుంది.

కడిగే పద్ధతి ఏమిటి? షెడ్డులో కంప్రెసర్ గాలి కొడతామంటున్నారు.

కంప్రెసర్ వద్దు. పెట్రోల్, కిరోసిన్ వద్దు. ప్రెషర్ వాషర్ అసలే వద్దు. అవి మడతలను చీలుస్తాయి, జిగురును కరిగిస్తాయి.

ఫిల్టర్ క్లీనర్ రెండు వైపులా చల్లి 10 నిమిషాలు వదిలేయండి, కానీ ఆరిపోనివ్వకండి. తర్వాత కుళాయి నీళ్ళు సన్నగా లోపలి నుంచి బయటికి పోయండి. బయటి నుంచి పోస్తే మట్టి లోపలికే దిగుతుంది. నీడలో, గాలి తగిలేచోట పూర్తిగా ఆరనివ్వండి. ఎండాకాలంలో ఒక రోజు చాలు, ముసురు పట్టినప్పుడు రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే అదే సైజుది ఇంకొకటి కొని ఉంచుకుంటే కారు ఆగదు. ఆయిల్ రకమైతే బాగా ఆరాక ఒక్కో మడత వెంట ఒకే గీతగా ఆయిల్ వేసి, 20 నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలిన చోట్ల మాత్రం కాస్త అద్దండి. కారుతోందంటే ఎక్కువైనట్టు.

దుమ్ము లోపలికి పోతోందో లేదో తెలుసుకునేదెలా?

ఫిల్టర్ తీసి పైపు లోపల తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ శుభ్రంగా రావాలి. ఎర్రమట్టి, బూడిద రంగు అంటిందంటే ఎక్కడో దారి ఉంది. మెడ చుట్టూ ఒకవైపు మాత్రమే గీతలా దుమ్ము కనిపిస్తే క్లాంప్ సరిగా కూర్చోలేదు. పైపు అంతా సమానంగా పలుచగా ఉంటే ఫిల్టర్ గుడ్డే వదిలేస్తోంది. ఇంకా కచ్చితంగా కావాలంటే ఆయిల్ మార్చేటప్పుడు కొంచెం పాత ఆయిల్‌ను ల్యాబుకు పంపి పరీక్ష చేయించవచ్చు. అందులో సిలికాన్ అంకె గత పరీక్ష కంటే పెరుగుతూ, దానితో పాటు ఇనుము కూడా పెరుగుతుంటే దుమ్ము లోపల పని చేస్తున్నట్టే.

లీటరు పెట్రోల్ మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఒక్కసారి ట్యాంకు నింపితే ఎంత గాలి ఆ పైపులోంచి వెళ్తుందో చూడండి. నెలకోసారి తెల్ల గుడ్డతో తుడవడం పెద్ద పనేమీ కాదు.

కడిగి వాడే ఫిల్టర్‌ను ఎప్పటికీ మార్చక్కర్లేదా?

"జీవితాంతం" అని రాసినా ఏదో ఒకరోజు మార్చాల్సిందే. గుడ్డ కంటే ముందు రబ్బరు పోతుంది. మెడను వేళ్ళతో నొక్కితే మెత్తగా వంగి తిరిగి రావాలి. వైజాగ్, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి స్టీల్ క్లాంప్, జాలీ ముందే తుప్పు పడతాయి, అక్కడ స్టెయిన్‌లెస్ క్లాంప్ వాడండి. పాతది పారేసే ముందు దాని ఐదు కొలతలూ, కొత్తదాని పార్ట్ నంబరూ ఒక కాగితం మీద రాసి, ఆర్‌సీ ఉంచే పౌచ్‌లో పెట్టండి. కారు అమ్మినా కొనుక్కున్నవాళ్ళకు ఆ కాగితం ఉపయోగపడుతుంది.